రెండు కుక్కలు, మూడు రోజులు: ఖాజాగూడ నుంచి కోట్‌పల్లి దాకా

సంక్రాంతి వెళ్లిన వారం. సూర్యుడు పొద్దున 6:45 దాటితే గానీ మొహం చూపించడు, సాయంత్రం 6 అవుతుంటే మాయం. పెంపుడు కుక్కలతో బయట ఫొటోలు తీయించుకోవాలనుకునేవాళ్లకి హైదరాబాద్‌లో నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి సగం దాకానే అసలైన కాలం. మార్చి వచ్చిందంటే పొద్దున 9 కల్లా బండ పొయ్యి మీది పెనంలా ఉంటుంది. వానాకాలంలో అదే బండ జారుడుబల్ల.

ఖాజాగూడ గుట్టలు, అనంతగిరి అడవి, కోట్‌పల్లి జలాశయం: ఈ మూడు రోజుల ఫొటోల దారిలో రెండు కుటుంబాలు. ఒకటి కొత్తగా పెళ్లయిన జంట, వాళ్ల నల్ల ల్యాబ్రడార్ రాకీ, 31 కిలోలు. రెండోది అమ్మ, నాన్న, ఎనిమిదేళ్ల పాప, నానమ్మ, వాళ్లతో తెల్లటి దేశీ కుక్క మల్లి, 16 కిలోలు. కెమెరా వైపు ఇద్దరు: ఒకరు తీసేవాళ్లు, ఇంకొకరు కేవలం కుక్కల్ని చూసుకునేవాళ్లు. ఆ రెండో మనిషి లేకుండా ఇలాంటి షూట్ ఒప్పుకోకూడదు. మంచి వెలుగు గంటన్నర ఉన్నా కుక్క మనసు పెట్టేది మొదటి ఇరవై నిమిషాలే, ఆ ఇరవై నిమిషాల్ని కాపాడే పని ఆ మనిషిది. మూడు రోజుల టైమ్‌టేబులూ దాని చుట్టూనే తిరుగుతుంది.

గోల్కొండ ఎందుకు లేదని ప్రతివాళ్లూ అడుగుతారు. రక్షిత కట్టడాల్లోకి జంతువుల్ని తీసుకురాకూడదని 1959 నాటి నిబంధనల్లోనే ఉంది, ట్రైపాడ్‌కీ విడిగా అనుమతి కావాలి. కేబీఆర్ నేషనల్ పార్కు కాబట్టి అక్కడా కుక్కకి చోటు లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నని బతిమాలుతూ వెలుగు పోగొట్టుకోవడం కంటే గుట్టలకు పోవడం మేలు. పిల్లి ఉన్నవాళ్లకు ఒక మాట: దాన్ని ఈ దారిలోకి తేవద్దు. కొత్త చోట పిల్లి బుట్టలోంచి బయటికి రాదు, వస్తే దొరకదు. దాని ఫొటో ఇంట్లో, బాల్కనీ పక్కనే బాగా వస్తుంది.

ముందు సాయంత్రం: కొండాపూర్

జీహెచ్ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్కు కొండాపూర్‌లో ఉంది. కుక్కలు రెండూ ఒకదాన్నొకటి చూసుకోవడం ఇక్కడే జరిగిపోవాలి. ఎదురెదురుగా తీసుకెళ్లి ముక్కూ ముక్కూ ఆనించడం తప్పు. రెండింటినీ ఐదు మీటర్ల ఎడంతో ఒకే దిశలో పది నిమిషాలు నడిపించి, మెల్లగా ఆ ఎడం తగ్గిస్తూ రావాలి. తోకలు వదులుగా ఊగుతున్నాయంటే రేపటికి భయం లేదు.

తర్వాత కెమెరా పరిచయం. కెమెరాని నేలమీద పెట్టి వాసన చూడనివ్వాలి. షటర్ ఒకసారి నొక్కడం, శనగగింజంత ఉడకబెట్టిన చికెన్ ముక్క పెట్టడం, ఇలా పది పదిహేనుసార్లు. మల్లి లాంటి దేశీ కుక్కలకి నల్లటి పెద్ద లెన్స్ తమనే గుడ్లురిమి చూస్తున్నట్టు అనిపిస్తుంది. తల తిప్పేసుకోవడం, పెదాలు నాక్కోవడం, ఆవలించడం అన్నీ ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అనడమే. అలా చేస్తే 35 ఎంఎం లెన్స్ పక్కనపెట్టి 70–200 ఎంఎం జూమ్ లెన్స్ తీసుకుని దూరం జరగాలి.

ఆ సాయంత్రం చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. గోళ్లు రెండు రోజుల ముందే తీయించి ఉండాలి. అప్పుడే కత్తిరించిన గోటికి పదునైన అంచు ఉండి చీర పోగుల్ని లాగుతుంది. స్నానం కూడా రెండు రోజుల ముందే, లేకపోతే బొచ్చు పొంగి కుక్క దూదిపింజెలా కనిపిస్తుంది. రేబిస్ టీకా, లెప్టోస్పైరోసిస్ కలిసిన టీకా గడువు దాటకూడదు, రెండో రోజు అడవి, మూడో రోజు నిలవ నీళ్లు ఉన్నాయి కదా. గోమార్లు (కొందరు పిడుదులంటారు) పట్టకుండా మందు ఎన్ని రోజుల ముందు వేయాలన్నది డాక్టర్ని అడిగి వేయించాలి. మెడ బెల్ట్‌కి ఫోన్ నంబర్ బిళ్ల తప్పనిసరి.

మొదటి రోజు: ఖాజాగూడ గుట్టలు

పొద్దున 5:50కి బండ్లు కింద ఆగాలి. కుక్కలకి రాత్రి భోజనమే, పొద్దున నీళ్లు మాత్రమే. కడుపు నిండా తిని గుట్ట ఎక్కి గెంతితే పెద్ద కుక్కలకి పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పైగా ఆకలిగా ఉన్న కుక్కే చికెన్ ముక్క కోసం కెమెరా వైపు చూస్తుంది.

ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. వీటిని కాపాడాలని సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి పోరాడుతోంది. ఫొటోగ్రాఫర్‌కి మాత్రం రాయి వయసు కన్నా దాని పైపొర ముఖ్యం. ఈ బండలు ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడతాయి. మడమతో తడితే డొల్ల చప్పుడొచ్చిన పొర మీద ఎవర్నీ నిలబెట్టకూడదు. పొర అరిగి రాలిన గరుకు ఇసుక చెప్పుల కింద గోలీల్లా దొర్లుతుంది. నీళ్లు కారిన చోట్ల నల్ల చారలు కనిపిస్తాయి, మంచు పడ్డ పొద్దున అవి సబ్బు రాసినట్టు ఉంటాయి. అందుకే సంచిలో ఒక చిన్న చీపురు ఉండాలి. నిలబడే చోటు చుట్టూ నాలుగు మీటర్లు ఊడ్చాకే కుక్కని పైకి తేవాలి.

ఊడ్చినప్పుడు రెండు దొరుకుతాయి. సీసా పెంకులు ఏడాది పొడుగునా ఉండేవే. సంక్రాంతి తర్వాత చైనా మాంజా తోడవుతుంది. అమ్మకూడదన్నా ఆగని ఆ నైలాన్ దారం తుమ్మకొమ్మల మధ్య, రాళ్ల సందుల్లో కంటికి ఆనకుండా వేలాడుతుంది. పరిగెత్తే కుక్క మెడకో వేళ్ల సందులోకో తగిలిందంటే తెగ్గోస్తుంది. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు వెలుగుకి ఎదురుగా నిలబడి చూస్తే దారం మెరిసి దొరుకుతుంది. చుట్టి సంచిలో వేసుకోవాలి.

ఇక అసలు ఫొటో. అందరూ అడిగేది ఒక్కటే: గుట్ట అంచున జంట, పక్కన కుక్క, వెనకాల ఆకాశం, దూరంగా నానక్‌రామ్‌గూడ అద్దాల మేడలు. దీనికోసం ఎవర్నీ అంచుకి పంపనక్కర్లేదు. జంట, రాకీ అంచుకి మూడు మీటర్లు లోపల, చదునైన బండ మీద నిలబడతారు. కెమెరా ఎదుటి బండ మీద, అంచుకి పన్నెండు మీటర్ల దూరంలో, సరిగ్గా అంచు ఎత్తులో ఉంటుంది. అప్పుడు ఆ మూడు మీటర్ల చదును ఒక సన్నని గీతలా ముడుచుకుపోయి మనుషులు కొసన నిలబడ్డట్టే కనిపిస్తారు. ఇక్కడ అంగుళాల లెక్క. కెమెరా ఒక జానెడు పైకి లేస్తే చదును బయటపడి గుట్టు రట్టవుతుంది. 40 సెంటీమీటర్లు కిందికి దిగితే కాళ్ల దగ్గర పది సెంటీమీటర్లు అంచు చాటుకి పోతుంది. మనిషికి అది చెప్పులే, కుక్కకి మాత్రం పాదాలు మొత్తం, అందుకని ఫొటోలో రాకీ రాతిలో పాతినట్టు వస్తాడు. 135 ఎంఎం దగ్గర పెట్టి అడ్డంగా తీస్తే ఆ దూరానికి ఫ్రేమ్ నాలుగు మీటర్ల వెడల్పు వస్తుంది, చాలు. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్2.8 దాకా బాగా తెరిచి పెట్టినా అంత దూరంలో రెండు మీటర్ల మేర షార్ప్‌గానే ఉంటుంది.

కుక్కకి ఒంటి చుట్టూ తొడిగే హార్నెస్, దానికి లీష్ (పట్టుకునే తాడు), లీష్ రెండో కొస వెనకాల కూర్చున్న మనిషి చేతిలో. మెడ బెల్ట్‌కి కట్టకూడదు. కాకి ఎగిరిందని దూకితే బరువంతా గొంతు మీద పడుతుంది. చేతికి మెలితిప్పి చుట్టుకోకూడదు. 31 కిలోల కుక్క ఒక్కసారి లాగితే మనిషి కూడా వెంటే పోతాడు.

నల్ల కుక్కతో ఎక్స్‌పోజర్ (కెమెరా ఎంత వెలుగు తీసుకోవాలన్న లెక్క) గొడవ మొదలయ్యేది ఇక్కడే. ఫ్రేమ్‌లో నలుపు ఎక్కువైతే కెమెరా దాన్ని బూడిద రంగుకి తేవాలని చూస్తుంది, దాంతో పక్కనున్న మనుషుల మొహాలు సున్నం కొట్టినట్టు అవుతాయి. ఎక్స్‌పోజర్ −0.7కి దించి మొహాలకి సరిచేయాలి. బొచ్చులో మెరుపు మాత్రం కెమెరా సెట్టింగుల్లో దొరకదు. రాకీ ఒంటి పక్క భాగం తూర్పు ఆకాశం వైపు తిరిగేలా నిలబెడితే ఆ వెలుగు బొచ్చు మీద జారుతుంది. నల్ల మొహంలో నల్ల కన్ను కనిపించాలంటే అందులో తెల్ల చుక్క పడాలి, చికెన్ ముక్కని లెన్స్ పైన ఒక అడుగు ఎత్తులో పట్టుకుంటే తల లేచి ఆ చుక్క వస్తుంది. ఫోకస్ జంతువుల మోడ్‌లో పెట్టినా నల్ల కుక్క కన్ను దొరక్క కెమెరా చాలాసార్లు ముక్కుని పట్టుకుంటుంది. అప్పుడు పాత పద్ధతే: ఒకే పాయింట్, కంటి మీద.

దగ్గర ఫొటోలకి 85 ఎంఎం. మూడు మీటర్ల దూరంలో ఎఫ్1.8 పెడితే షార్ప్‌గా ఉండేది 13 సెంటీమీటర్లే. ల్యాబ్ ముక్కు నుంచి కంటికే దాదాపు అంత ఉంటుంది, ఇక వెనకున్న ఇద్దరి మొహాలు గోవిందా. ఎఫ్4కి వస్తే 30 సెంటీమీటర్లు. మూడు తలలూ ఆ జానెడున్నరలో ఇమిడేలా దగ్గరికి జరపాలి. కూర్చున్న కుక్కకి షటర్ వేగం 1/500 సెకను చాలు. కెమెరా మీది ఫ్లాష్ వద్దే వద్దు. కుక్క కంటి వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది, ఫొటోలో పచ్చటి బల్బులు వస్తాయి.

రాకీని పెళ్లికొడుకు చేతుల్లో పైకెత్తే పోజు అడిగారంటే, వద్దు. చంకల కింద పట్టి వేలాడదీస్తే 31 కిలోల బరువు భుజాల కీళ్ల మీద పడుతుంది. కుక్క మొహంలో ఇష్టం లేకపోవడం ఏ ఎడిటింగ్‌లోనూ పోదు. కూలింగ్ గ్లాసుల మీద కూడా ఇదే అభిప్రాయం.

8:30కి దిగిపోవాలి. అరచేతి వెనక భాగం బండకి ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలకి కూడా అది ఎక్కువ వేడే.

మధ్యాహ్నం 2కి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ దారి. రోడ్డుకి రెండు పక్కలా వందల మర్రిచెట్లు, ఊడలు, కింద చిక్కటి నీడ. ఆగాలనిపిస్తుంది గానీ లారీలు వెళ్లే రోడ్డు పక్కన కుక్కని దించి ఫొటో తీయడం తెలివితక్కువ పని. చెట్టు కావాలంటే లోపలికి పోయే మట్టిదారి చూసుకుని, పొలం వాళ్లని అడిగి ఆగాలి.

రెండో రోజు: అనంతగిరి

హైదరాబాద్‌కి 75 కిలోమీటర్ల పైచిలుకు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. అనంత పద్మనాభస్వామి గుడి వైపు జనం, కోతులు రెండూ ఎక్కువ, కాబట్టి కుక్కలతో అటు పోవద్దు. కోతుల్ని చూసి రాకీ మొరిగితే కోతి పారిపోదు, గుంపుని పిలుస్తుంది. తినే కవర్లు చేతిలో కనిపించకూడదు, ట్రీట్లు జిప్ ఉన్న నడుం సంచిలో ఉండాలి. అటవీ శాఖ ఆఫీసులో ముందే అడిగి, ఎక్కడిదాకా వెళ్లవచ్చో తెలుసుకుని, లీష్ వదలకుండా తిరగాలి. అడవిలో నెమళ్లున్నాయి, జింకలున్నాయి, అది వాటి ఇల్లు. డ్రోన్ వద్దు. ఆ రొదకి మల్లి తోక ముడుచుకుంటే మళ్లీ గంటకి గానీ విప్పదు. చెట్లకి, బండలకి తేనెపట్లు ఉంటే అంతకన్నా ప్రమాదం. ఘాటైన సెంటు కూడా ఆ రోజుకి మానేయడమే మంచిది.

అడవిలో వెలుగు మోసం చేస్తుంది. ఆకుల సందుల్లోంచి పడే మచ్చల వెలుగు కంటికి అందంగా ఉంటుంది. ఫొటోలో మాత్రం నానమ్మ ఒక చెంప తెల్లగా, ఇంకో చెంప నల్లగా వస్తుంది. దారి వంపు తిరిగే చోట, పైన కొమ్మలు దట్టంగా ఉండి ముందు ఆకాశం తెరిచి ఉన్న జాగా వెతకాలి. రిఫ్లెక్టర్ (వెలుగుని మొహాల మీదికి తిప్పే పలక) వాడితే తెల్లదే వాడాలి. వెండిదైతే దాని తళుకు ఆకుల మీద ఆడుతుంది, కుక్క దాని వెంట పడుతుంది.

కుటుంబం మొత్తానికి నానమ్మే కేంద్రం. ఆమెకి మడత స్టూలు వేసి, ఒక పక్క పాప, ఇంకో పక్క మల్లి, వెనక అమ్మానాన్న. పాపని, కుక్కని ఒకే పక్క పెడితే ఇద్దరూ ఆటలో పడతారు, కెమెరా ఉందన్న సంగతే మర్చిపోతారు. ఆరు మీటర్ల దూరం నుంచి 85 ఎంఎం, ఎఫ్4 పెడితే మీటరు పైన షార్ప్‌గా ఉంటుంది, రెండు వరసలూ ఇమిడిపోతాయి. నానమ్మ చీర నూలుదైతే గోరు తగిలినా నష్టం తక్కువ. జరీ అంచు పట్టుచీర కట్టుకుంటానంటే మల్లిని ఒడిలోకి ఎక్కనివ్వకూడదు. పాప కాలి పట్టీలు తీసేయాలి, ఘల్లుమన్నప్పుడల్లా మల్లి తల కిందికి తిరుగుతుంది. కుక్కని కెమెరా వైపు తిప్పే కీచుబొమ్మ ఉంది కదా, దాన్ని మొత్తం మీద మూడుసార్లే వాడాలి. మొదటిసారి చెవులు నిక్కబొడుచుకుంటాయి, తల పక్కకి వంగుతుంది, నాలుగోసారికి పట్టించుకోదు. అందుకని మనుషులంతా సిద్ధంగా ఉన్నాకే మొదటి కీచు. ‘మల్లీ, ఇటు దా’ అని ఇంటివాళ్లు పిలవకూడదు. పిలిస్తే అది వాళ్ల దగ్గరికే పోతుంది, మనుషులు కూడా దానివైపే చూస్తారు.

ఫొటోలో లీష్ కనిపించకూడదంటే విప్పడం ఒక్కటే దారి అనుకుంటారు. అవసరం లేదు. సన్నటి లీష్‌ని ఒకరు ఫ్రేమ్ బయట నుంచి ఎత్తి పట్టుకోవాలి, అది ఖాళీగా ఉన్న వెనక భాగం మీదుగా మాత్రమే పోవాలి, ఎవరి కాళ్ల మీదుగానో బొచ్చు మీదుగానో పోకూడదు. మంచి ఫ్రేమ్ పడగానే కెమెరా కదపకుండా, ఫోకస్ మాన్యువల్‌లో కట్టేసి, కుక్కని రెండు మీటర్లు పక్కకి తప్పించి అదే చోటు ఖాళీగా ఒకటి తీయాలి. ఎడిటింగ్‌లో ఆ ఖాళీ ఫ్రేమ్‌ని కింద పరిచి, పై ఫొటోలో లీష్ ఉన్నంత మేర చెరిపితే ఐదు నిమిషాల పని. ఖాళీ ఫ్రేమ్ తీయడం మరిస్తే గంట పడుతుంది, టేకు ఆకులు అతుకులు పడ్డట్టు కనిపిస్తాయి.

పరుగు ఫొటోకి పది మీటర్ల పట్టీ లీష్, 1/1600, వరసగా షాట్లు. ఎదురుగా కెమెరా మీదికి పరిగెత్తించడం అందరి కోరిక, ఫోకస్ తప్పేది కూడా అందులోనే. కొంచెం ఐమూలగా పరిగెత్తిస్తే దూరం అంత వేగంగా మారదు, ఫోకస్ అందుకుంటుంది. కుక్కతో పాటు పాప పరిగెడితే ఇంకా మంచిది. పాదాలు అరగకుండా నాలుగు పరుగులతో ఆపేయాలి. బంతి విసిరితే ఎర్రది వద్దు, కుక్క కంటికి ఎరుపు, పచ్చ దాదాపు ఒకేలా ఉంటాయి, గడ్డిలో వెతుక్కుంటూ ఉండిపోతుంది. నీలం బంతి ఇట్టే కనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నానమ్మ డబ్బాలోంచి మల్లికి పెరుగన్నం ముద్ద వెళ్తుంది, ఆపలేం. అందులో ఉల్లిపాయ పడనంతవరకు ఫర్వాలేదు. దారిలో కొన్న ద్రాక్షపండ్లు మాత్రం కుక్క నోటికి అందకూడదు, కిడ్నీలు పోతాయి. నీళ్ల లెక్క: మామూలు రోజున కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్లు. రాకీకి లీటరున్నర పైన, తిరిగే రోజు ఇంకా ఎక్కువ.

రాత్రి గదిలో పని ఫొటోల కాపీ కంటే ముందు గోమార్ల వేట. చెవి మడతలు, మెడ బెల్ట్ కింద, చంకలు, కాలి వేళ్ల సందులు, తోక మొదలు, వేళ్ల కొసలతో బొచ్చుకి ఎదురు నిమురుతూ పోవాలి. నువ్వుగింజంత తగిలినా దీపం పెట్టి చూడాలి. పట్టకారుని చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టి, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వల్ల అది కడుపులోది కక్కి రోగం ఎక్కించే ప్రమాదం ఉంది. ఉత్తరేణి గింజలు కూడా ఈ వెతుకులాటలోనే బయటపడతాయి.

మూడో రోజు: కోట్‌పల్లి

వికారాబాద్ దాటి అరగంటకి పైగా. ఆదివారం కాబట్టి 9 అయ్యేసరికి కయాక్‌ల (సన్నటి తెడ్డు పడవల) దగ్గర జనం పోగవుతారు, వెలుతురు రాకముందే నీళ్ల దగ్గర ఉండాలి. నీళ్ల మీద పొగమంచు, గాలి లేని అద్దం లాంటి నీళ్లు, ఈ రెండూ సూర్యుడు వచ్చాక ఎక్కువసేపు నిలవవు. గట్టు మీద ఎండిన పల్లేరుకాయలు ఉంటాయి. కుక్క ఉన్నట్టుండి మూడు కాళ్ల మీద నిలబడిందంటే అదే.

కయాక్ ఫొటోని మోకాలి లోతు నీళ్లలోనే, నడిపేవాళ్లని అడిగి, బోటుకి ఐదు మీటర్ల తాడు కట్టి తీయాలి. తాడు ఇంకో కొస ఫ్రేమ్ బయట మనిషి చేతిలో. అందరికీ లైఫ్ జాకెట్లు, రాకీకి వీపు మీద పిడి ఉన్న కుక్కల జాకెట్. మనిషి ముందు కూర్చోవాలి, తర్వాత కాళ్ల మధ్యకి కుక్క. నీళ్లలోకి దిగాక లీష్ విప్పేయాలి. మొదటి రెండు రోజులూ చెప్పినదానికి ఇది పూర్తిగా తలకిందులు, కానీ బోల్తా పడితే తాడే చుట్టుకుంటుంది. కుక్కని బోటుకి కట్టడమైతే ఎప్పుడూ చేయకూడదు. కెమెరా నీటికి ఒక అడుగు ఎత్తులో ఉంటే ప్రతిబింబం మొత్తం పడుతుంది. లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయాలి, అది ప్రతిబింబాన్ని చెరిపి అడుగు బురద చూపిస్తుంది.

మల్లికి నీళ్లంటే పడదు, దాన్ని దింపొద్దు. గట్టు మీదే పాపతో. తెల్ల కుక్కకి లెక్క తిరగబడుతుంది: తెలుపు ఎక్కువైతే కెమెరా ఫొటోని మసక చేస్తుంది, +0.7 పెంచాలి. ఎండ నేరుగా పడ్డాక మాత్రం వీపు మీద బొచ్చు వివరం కాలిపోతుంది కాబట్టి ఎండని దాని వెనక్కి పెట్టుకోవాలి.

చివర్లో రాకీ నీళ్లలోంచి బయటికొచ్చి విదిలించుకునే క్షణం. ఒడ్డెక్కిన కొన్ని సెకన్లలోనే, తలతో మొదలై తోక దాకా పాకుతుంది. ఐదు మీటర్ల దూరంలో, సూర్యుడు కుక్క వెనక ఉండేలా, చీకటి గట్టు నేపథ్యంగా 1/1000 పెడితే చుక్కలు ముత్యాల్లా నిలుస్తాయి. 1/250 పెడితే దారాల్లా సాగుతాయి, అదే ఎక్కువ నచ్చుతుంది. జంట బట్టలు తడవడం ఖాయం, అందుకే ఈ ఫొటో అన్నిటికన్నా చివర్న.

తిరుగు ప్రయాణానికి ముందు రాకీని మంచినీళ్లతో కడిగి, చెవులు లోపలిదాకా పొడిగుడ్డతో ఒత్తాలి. ల్యాబ్‌ల వేలాడే చెవుల్లో తడి నిలిస్తే మూడు రోజుల్లో వాసన మొదలవుతుంది. గోమార్ల జ్వరం బయటపడటానికి వారం నుంచి మూడు వారాలు పట్టొచ్చు. ఈలోగా కుక్క తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులో రక్తం కనిపించినా డాక్టర్‌కి అనంతగిరి సంగతి ముందుగా చెప్పాలి.

బండి డిక్కీ తలుపు పైకెత్తి ఉంటుంది, లోపల తువ్వాల్లో చుట్టిన రాకీ, పక్కనే నానమ్మ కాళ్లు వేలాడేసి కూర్చుని ఉంటుంది. డిక్కీ కప్పు పైవెలుగుని ఆపి, ముందున్న ఆకాశం వెలుగుని మాత్రమే లోపలికి రానిస్తుంది, స్టూడియో కిటికీ కంటే మెత్తగా. 35 ఎంఎం, ఎఫ్2.8, 1/250. ఇద్దరూ అలిసిపోయి ఉంటారు, ఎవర్నీ పిలవక్కర్లేదు.